సూర్యాస్తమయానంతరపు బడి : కరీంనగర, ఆదిలాబాదు జిల్లాల బాలికావసతిపాఠశాలలు

విద్యాచరిత్రలు వ్రాయువారు పాఠశాల యెప్పుడు వెలసినది, ఎవరు స్థాపించిరి, ఏ భాషలో బోధించిరి యను విషయములను శ్రద్ధతో సేకరింతురు. సాయంకాలపు గంట మ్రోగి పిల్లలిండ్లకు మరలుటతో వారి చరిత్రయు ముగియును. బాలికలు బడిలోనే నివసించునెడ ఈ పద్ధతి చాలదు. పాఠము పగటి విషయము. ప్రొద్దుగ్రుంకినది మొదలు మఱునాటి యుదయము వరకు పిల్లకు తల్లిస్థానమున నిలుచు సంరక్షకురాలి విషయము వేఱు. పల్లెలోని తండ్రి తన కూతును పంపుటయో మానుటయో నిశ్చయించుకొనునది యీ రెండవదానిని చూచియే యని నా యభిప్రాయము. కరీంనగర, ఆదిలాబాదు జిల్లాల వృత్తాంతము దీనికి సాక్ష్యము. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభక్తములైనవి. ఇచట పూర్వపు హద్దులనే గ్రహించితిని.

నిజాము రాజ్యమున ఉన్నతవిద్య యుర్దూలో సాగుచుండెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాషయు నదియే. ఇట్టి కాలమున 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు హైదరాబాదున ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించి తెలుగున బోధన సాగించిరి. స్వరాజ్యమున దానికి పరీక్షల యాదరువు దొరకకపోగా, కార్వే పండితుడు 1916లో పూనాయందు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసివచ్చెను. తెలుగుపిల్ల తెలుగున చదువుటకు మహారాష్ట్రమువారి యండ కావలసివచ్చిన దినములవి!

ఆ యుద్యమము కరీంనగర జిల్లాకును ప్రాకినది. 1930లో జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగినప్పుడు ప్రక్కనే మహిళాసభయు సమావేశమయ్యెను. 1935లో సిరిసిల్లయందు జరిగిన మహాసభకు హనుమంతరావుగారును, మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారును అధ్యక్షులైరి. సాలెల మగ్గముల నడుమ ఆడువారు తమ సభను తామే జరుపుకొనిరనుట చిన్న విషయము కాదు. అయినను సిరిసిల్లనుండియో జగిత్యాలనుండియో యొక పిల్ల నగరమునకు పోయి చదువవలెనన్నచో భాష తరువాతిమాట, బస మొదటిమాట. బంధుగృహము లేని పిల్లకు బడి యున్నను లేనట్లే.

ఆదిలాబాదు అడవులలో చిక్కు మఱింత లోతైనది. ఇచట తెలుగే యెందఱకో పరభాష. 1940లో జోడేఘాటున కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫు అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన భార్యయగు ఎలిజబెత్తుతో గూడ మార్లవాయి గ్రామమున నివసించెను. 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చుటకు అచట శిక్షణకేంద్ర మేర్పడెను. దేవనాగరిలిపిలో గోండీ వాచకములు తయారయ్యెను. పిల్లవాడు తన యింటి మాటతోనే బడి మెట్టెక్కవలెనను సూత్రము మన ప్రాంతమున నింత స్పష్టముగా అంతకుముం దాచరింపబడలేదనిన నతిశయోక్తి కాదు. 1987లో ఎలిజబెత్తును, 1995లో హైమెండార్ఫును గతించిరి. వారి సమాధులు మార్లవాయిలోనే యున్నవి. అయితే ఆ శిక్షణము పగటిబడికి గురువులను సమకూర్చుట కుద్దేశింపబడినది. తరువాతి దశాబ్దములలో ఆశ్రమపాఠశాలలు వ్యాపించి, గోండు, కోలాము బాలికలు తల్లిని విడిచి బడిలోనే పండుకొనుట మొదలుపెట్టినప్పుడు, ఆ సూత్రము వారి వెంట పడకగదివరకు రాలేదు.

2004లో కేంద్రప్రభుత్వము కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల పథకమును ప్రారంభించెను. విద్యయందు వెనుకబడిన ప్రాంతములలో, అందును గ్రామస్త్రీల యక్షరాస్యత దేశపు సగటుకన్న తక్కువైన చోట్ల, ఇవి వెలసినవి. ఆదిలాబాదు స్త్రీలలో అక్షరాస్యత 2011 జనాభాలెక్కలనాటికిని సుమారు సగమే కావున ఆ జిల్లాకివి యెంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నూటికి 75 స్థానములు దళిత, గిరిజన, వెనుకబడిన, అల్పసంఖ్యాక వర్గముల బాలికలకును, మిగిలినవి పేదకుటుంబముల బాలికలకును కేటాయింపబడినవి. బడి మానినవారు, తలిదండ్రులను కోల్పోయినవారు ముందు చేర్చుకొనబడుదురు. కరీంనగర ప్రాంతమున తండ్రి గల్ఫుదేశమునకు పోగా, తల్లితో కూర్చుండి బీడీలు చుట్టుచుండిన పిల్ల యెందఱిలోనో యొకతె.

ఈ విద్యాలయముల యేర్పాటున నొక విశేషము కలదు. పెద్దగా నుండునది ప్రత్యేకాధికారిణి యను స్త్రీ. పగలు గణితము చెప్పిన ఉపాధ్యాయినియే తన వంతు వచ్చినరాత్రి జ్వరము వచ్చిన పిల్ల నుదుట తడిగుడ్డ వేయును. ఈ రెండు పాత్ర లొక్కరియందే కలియుట మన ప్రాచీన గురుకులమును తలపించునని పండితులు సంతోషింపవచ్చును. కాని గురుకులమున ఋషిపత్నికి ఒప్పందపు కొలువు లేదు, ఈమె కదియే గతి.

చేరునది ఆఱవతరగతి, పదునొకండేండ్ల వయస్సు. ఒకటి రెండేండ్లలో పిల్ల రజస్వలయగును. ఇంటియందైనచో తల్లియో మేనత్తయో తెలిసికొని చేయవలసినది చేయుదురు. బడిలో ఆ పిల్ల మొదట నెవరితో చెప్పుకొనును? తెలుగు వచ్చిన పిల్లకే నాలుక యాడదు. కోలామీ మాత్రమే నోట నానిన పిల్ల ఒక రాత్రివేళ తెలుగు సంరక్షకురాలి తలుపు తట్టి యేమని చెప్పగలదు? పాఠము తెలియకున్న మఱునాడు మరల అడుగవచ్చును. ఈ మాట మఱునాటికి ఆగునది కాదు. పై తరగతి గోండుపిల్ల దుబాసీగా నిలుచుట అనుభవజ్ఞులగు ఉపాధ్యాయినులకు విదితమే. ఆ పండ్రెండేండ్ల దుబాసీకి జీతమును లేదు, పేరును లేదు.

పండుగల విషయమును ఇట్టిదే. దసరా సెలవులకు ముందు బడి యావరణమున బతుకమ్మ నాడి పిల్లలిండ్లకు పోదురు. గోండుల దండారి దీపావళివేళ వచ్చును. అప్పటికి సెలవులు ముగిసియుండును. ఆ దినములలో పిల్లలు కనబడకపోయిన హాజరుపట్టీలో దోషము వారిదే యగును.

2024 అక్టోబరు చివర, ఆసిఫాబాదు జిల్లాలోని యొక గిరిజన బాలికల ఆశ్రమపాఠశాలలో ఆహారము వికటించి పెక్కుమంది బాలికలు రోగగ్రస్తలైరి. వారిలో నొకతె నవంబరులో హైదరాబాదు ఆసుపత్రిలో మరణించెను. ఆ సంవత్సరాంతమున తెలంగాణ ప్రభుత్వము వసతిపాఠశాలల భోజనవ్యయమును నూటికి 40 పాళ్లు పెంచెను. మూడునుండి యేడవ తరగతివరకు నెలకు 950 రూపాయ లుండినది 1,330 అయ్యెను, ఎనిమిదినుండి పదివఱకు 1,100 ఉండినది 1,540 అయ్యెను. సబ్బు, తలనూనె మొదలగువాటికి చిన్నతరగతుల బాలికలకు నెలకు 55 రూపాయ లుండినది 175 అయ్యెను. ఏబదియైదు రూపాయలతో ఎదిగెడు ఆడుపిల్ల నెల గడుపవలెనని నిర్ణయించిన లెక్కలలో ఏ తల్లి సలహాయు లేదని స్పష్టము. ధనము పెరిగినది, మంచిదే. పిల్ల కడుపునొప్పి యనినప్పుడు ఆ మాట వినవలసిన చెవికి ఆ మాట తెలియవలె ననునది మాత్రము ఏ పట్టికయందును పద్దుగా చేరలేదు.

ఉత్నూరు, ఆసిఫాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వసతిపాఠశాలల సంరక్షకురాండ్రుగా పనిచేసి విరమించిన స్త్రీలు నేడు చాలమంది కలరు. ఆ యూళ్ల బడిపంతుళ్లకు వారు పరిచితులే. రాత్రియందు తలుపు తట్టిన పిల్లలు ఏ భాషలో ఏమని పిలిచిరో వారిచేత చెప్పించి వ్రాసికొనుడని అట్టి పంతుళ్లను ప్రార్థించుచున్నాను.