'ఆదిసంభూతుడు' మీద తగవు

కొలొస్సయులకు రాసిన పత్రికలో (1:15) క్రీస్తుకు వాడిన 'ఆదిసంభూతుడు' అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. మొదట పుట్టినవాడంటే, పుట్టకముందు లేడనేగా? అలెగ్జాండ్రియాలో అరియస్ వాదనా దాదాపు ఇదే: కుమారుడు లేని స్థితి ఒకటుంది, ఆయనా సృష్టే. తర్వాతి వచనం ప్రకారం సమస్తమూ ఆయన ద్వారానే కలిగితే, ఆయన సృష్టిలో ఒకడెలా అవుతాడని ఎదుటివాళ్ల ప్రశ్న. నాకింకో సంగతి బలంగా తోస్తుంది. 89వ కీర్తనలో దావీదును జ్యేష్ఠుడిగా చేస్తానంటాడు దేవుడు. దావీదు యెష్షయి కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు! అంటే ఆ మాట వయసుది కాదు, అధికారానిది.

325లో నైసియా సభ కుమారుడిది తండ్రి తత్త్వమేనని తేల్చింది. తమాషా ఏమిటంటే, అందుకు వాడిన 'హోమోఊసియోస్' అనే గ్రీకు మాట బైబిల్లో ఎక్కడా లేదు. అరియస్‌ను వెళ్లగొట్టారు. ఆ సభకు డీకన్‌గా వచ్చిన అథనాసియస్ తర్వాత బిషప్పయ్యాడు. చక్రవర్తుల మొగ్గు మారుతుంటే ఆయనా అయిదుసార్లు ఊరు విడిచాడు.