ఐరన్ షాఫ్టు: స్టీలు గెలుపు వెనుక ఉన్నదేమిటి?

గోల్ఫ్ షాఫ్టుల చరిత్ర ఎవరు చెప్పినా దాదాపు ఒకే కథ వినిపిస్తుంది. హికరీ కర్ర ఉన్నన్నాళ్లూ చేతికి హాయిగా ఉండేదట. 1929లో వేల్స్ యువరాజు సెయింట్ ఆండ్రూస్‌లో స్టీలు షాఫ్టులతో ఆడాడట. ఆయన్ని తప్పుపట్టలేక బ్రిటన్‌లో ఆట నియమాలు చూసే ఆర్ అండ్ ఏ వాటికి అనుమతి ఇచ్చేసిందట. అలా దూరం పెరిగింది, ఫీల్ పోయింది అంటారు. ఇందులో పొసగని సంగతులు చాలా ఉన్నాయి. అమెరికా గోల్ఫ్ సంఘం అంతకు అయిదేళ్ల ముందే, 1924లో, స్టీలును ఒప్పుకుంది. యువరాజు ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయినా బ్రిటన్‌లో ఆ నిర్ణయం ఎంతోకాలం ఆగేది కాదు.

తొలి దశలకు పేచీ లేదు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి దిగుమతైన హికరీ వచ్చి యాష్ వంటి పాత కర్రలను పక్కకు నెట్టింది. 1890లలో థామస్ హార్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ కమ్మరి ఉక్కు కడ్డీతో షాఫ్టు చేశాడు గానీ ఆ బరువు వాడకంలో నిలవలేదు. 1910లో షెనెక్టడీకి చెందిన ఆర్థర్ నైట్ బోలు ఉక్కు గొట్టానికి పేటెంట్ పొందాడు.

అసలు తగువు ఆ తర్వాతి పాతికేళ్ల గురించే. స్టీలు గెలిచింది బలం వల్ల కంటే ఒక్కతీరుగా ఉండటం వల్లనని నా వాదన. హికరీ దెబ్బకు మెలితిరుగుతుంది. ఒకే మానులోంచి తీసిన రెండు కర్రలు కూడా ఒకలా వంగవు. అందుకే ఆనాటి దుకాణంలో సగం విద్య కర్రను ఎంచడంలోనే ఉండేది. తయారీదారు పోగు చూసి ఏరేవాడు, వంచి చూసేవాడు. బిరుసుగా తోస్తే గాజుపెంకుతో పైపైన గీకి మళ్లీ ఊపి చూసేవాడు. ఒక పొర ఎక్కువ లేచిపోతే ఆ కర్ర ఇక అంతే.

స్వింగ్‌వెయిట్ త్రాసు పుట్టిన కాలం చూడండి. పిడి చివర నుంచి 14 అంగుళాల దగ్గర క్లబ్బును ఆనించి, తలవైపు ఎంత తూగుతుందో చూసే ఆ సాధనాన్ని రాబర్ట్ ఆడమ్స్ రూపొందించింది 1920లలో, ఆటగాళ్ల సంచుల్లో ఇంకా హికరీయే ఎక్కువగా ఉన్న రోజుల్లో. క్లబ్బులన్నీ చేతికి ఒకలా తెలియాలన్న కోరిక స్టీలుతో పుట్టింది కాదు. హికరీ కాలంలోనే ఉంది, తీరడమే కష్టంగా ఉండేది.

దీనికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు. బాబీ జోన్స్ 1930లో నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచింది హికరీతోనే. స్టీలుతో యూఎస్ ఓపెన్ తొలిసారి గెలిచిన బిల్లీ బర్క్ వచ్చింది మరుసటి ఏడాది. 1936లో కూడా జానీ ఫిషర్ హికరీతో యూఎస్ అమెచ్యూర్ కొట్టాడు. కానీ జోన్స్ తన క్లబ్బులను ఒక్కొక్కటిగా ఏరి కూర్చుకున్నాడు. తరవాత తూచి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ సరిపోయాయని చెబుతారు. ఆ కథకు కొంత మెరుగు పెట్టి ఉంటారని నా అనుమానం. ఏమైనా, అంత ఏరుడు మామూలు ఆటగాడి వల్ల అయ్యే పని కాదు. అతనికి ఒక్కతీరు క్లబ్బులు కావాలంటే ఫ్యాక్టరీయే దిక్కు. మంచి హికరీ కరువవడం కూడా స్టీలుకు కలిసొచ్చింది, దాన్ని తోసిపుచ్చలేం. తొలినాటి స్టీలు షాఫ్టుల్లో చాలావాటికి కర్రలా కనిపించే గోధుమరంగు తొడుగు వేసేవారు. దీన్నిబట్టి ఫీల్ పోయిందన్న గోలలో కొంత కంటి అలవాటు కూడా ఉందనుకోవాలి.

ఆ తర్వాతిది త్వరగా చెప్పవచ్చు. మ్యాషీ, నిబ్లిక్ వంటి పాత క్లబ్బు పేర్లు పోయి అంకెలొచ్చాయి. సంచులు ఉబ్బిపోతే 1938లో అమెరికా సంఘం 14 క్లబ్బుల హద్దు పెట్టింది. 1970 ప్రాంతంలో ఫ్రాంక్ థామస్ గ్రాఫైట్ షాఫ్టు తెచ్చాడు. షాఫ్టు నిమిషానికి ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్కించి సెట్టు కూర్చే పద్ధతికి జో బ్రేలీ ప్రచారం తెచ్చాడు.

ఈనాటి సంగతి నాకంతగా రుచించదు. షాఫ్టు మీద బిరుసుకు గుర్తుగా ఆర్, ఎస్, ఎక్స్ అని అచ్చు వేస్తారు గానీ వాటికి ఉమ్మడి కొలమానం లేదు. ఒకరి ఎస్ మరొకరి ఆర్ అంత మెత్తగా ఉండొచ్చు. సర్దుబాట్లు మాత్రం నిజంగా పనిచేస్తాయి. 6 ఐరన్‌లో 5 ఐరన్ షాఫ్టు వేస్తే కాస్త మెత్తబడుతుంది. తలకు 2 గ్రాముల సీసం పట్టీ అంటిస్తే స్వింగ్‌వెయిట్ ఇంచుమించు ఒక పాయింటు పెరుగుతుంది. గ్రిప్పును 5 గ్రాములు బరువు చేస్తే అంతే తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే: ఈ రెండూ కలిపి చేస్తే త్రాసులో అంకె మారదు, చేతిలో క్లబ్బు మాత్రం 7 గ్రాములు బరువెక్కుతుంది.

బంతి క్లబ్బుకు తగిలి ఉండేది సెకనులో రెండువేలో వంతు. చేతికి తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఆ ఫీల్ ఆ దెబ్బను మార్చలేదు, తరవాతి స్వింగు లయను మాత్రం మారుస్తుంది. అయినా ఆటగాడికి తగిన క్లబ్బులు కుదిర్చే ఫిట్టింగ్ పేరిట చాలాచోట్ల 6 లేదా 7 ఐరన్ ఒక్కటే ఊపించి, మిగతా సెట్టంతా పట్టిక చూసి ఆర్డరు పెట్టేస్తారు. డబ్బు కట్టేముందు 4 ఐరన్, వెడ్జ్ కూడా ఊపి చూస్తామని పట్టుబట్టాలి. దుకాణం వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.