స్నూకర్ క్యూ ఎంపిక

స్నూకర్‌లో బంతిని కొట్టే పొడవాటి కర్ర క్యూ. నిబంధనల ప్రకారం దాని పొడవు 3 అడుగులకు తగ్గకూడదు. పెద్దలు ఎక్కువగా 57, 58 అంగుళాలవి వాడతారు. బరువు సాధారణంగా 17 నుంచి 19 ఔన్సులు.

ముందుభాగమైన షాఫ్ట్‌ను యాష్ లేదా మేపుల్ కలపతో చేస్తారు. యాష్‌పై బాణపు ములుకుల్లాంటి చారలు గురికి ఆసరా అవుతాయని కొందరు ఇష్టపడతారు. అవి చూపును చెదరగొడతాయనుకునేవారికి మేపుల్ మేలు. పిడివైపు నల్లటి ఎబొనీ బరువునిస్తుంది. కొనేముందు క్యూను టేబుల్‌పై దొర్లించడం అందరూ చేసేదే. అది చాలదు. ఒక కొనను కంటి దగ్గర పెట్టుకుని, మెల్లగా తిప్పుతూ పొడవునా చూస్తే వంకర బాగా తెలుస్తుంది.

ఖరీదు ఆటను మెరుగుపరుస్తుందన్న నమ్మకం సరికాదు. స్కాట్లాండ్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ చిన్నప్పటి చవక క్యూతోనే 7 ప్రపంచ టైటిళ్లు గెలిచారు. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగింది.

క్యూ కొనన బంతిని తాకే తోలు టిప్ వెడల్పు 9, 10 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అమెరికన్ పూల్ క్యూల 13 మిల్లీమీటర్ల టిప్, 52.5 మిల్లీమీటర్ల స్నూకర్ బంతికి మరీ లావు.

రోజూ బస్సులో క్లబ్బుకు వెళ్లేవారికి మధ్యలో విడిపోయే రెండు ముక్కల క్యూ అనువు. అతుకు పిడి దగ్గరుండే ముప్పావు రకంలో షాఫ్ట్ పొడవుగా, ఏకఖండంగా ఉంటుంది. దాని పెట్టె కూడా పొడవే.