పలకల కవచముల నిర్మాణము: రూపు దిద్దుట, అంచు కట్టుట

క్రీస్తుశకము 15, 16 శతాబ్దములలో ఐరోపా ఖండమున మిలాన్, ఆగ్స్‌బర్గ్, ఇన్స్‌బ్రుక్ నగరములు ఉక్కుపలకల కవచములకు పేరెన్నిక గన్నవి. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీయు గ్రీనిచ్‌లో జర్మను పనివారిచే ఒక కర్మశాలను నడిపించెను. ఈ కవచముల అంచులయందు త్రాటిపేటవలె కానవచ్చు మెలికను అలంకారముగా మాత్రమే చూచుట కలదు. ఆ అంచు ప్రాణరక్షణకై యేర్పడినదనియు, పనుల వరుసను చాలవఱకు నిర్ణయించునది అదియే యనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఱొమ్ముపలకకు తగిలిన ఈటెమొన నునుపైన ఉక్కుమీద జారును. పైకి జారినచో కంఠమునను, ప్రక్కకు జారినచో చంకలోను దిగును. మెడచుట్టును, చేతుల సందులయందును వెలుపలికి మడచిన అంచు దానిని అడ్డగించును. మడతవలన పలుచని రేకునకు బిగువు కలుగును; ధరించినవాని యొడలు కోసికొనకుండును. పెక్కింట మడతలోపల ఇనుపతీగె నుంచి రేకును దానిపై చుట్టెడివారు. మన ఇనుపరేకు బాల్చీల మూతియు ఈ తీరుననే కట్టబడును.

అంచును ముందే మడచి, పిదప రూపు దిద్దరాదా యను ప్రశ్న కలుగవచ్చును. లోహస్వభావమే దీనికి సమాధానము. రేకును గుంటలోనికి కొట్టినచో సాగి పలుచనగును. దాగలిపై నుంచి వెలుపలినుండి కొట్టి ముడుచుకొన జేసినచో దళసరి యగును. ఈ రెండింటికిని అంచు కదలగలిగి యుండవలెను. తీగెచుట్టు పడిన అంచు కదలదు. అటుపై నడుమ కొట్టిన దెబ్బలకు పలక వంకరపోవును, లేదా మడత విచ్చును.

కావున రేకును కత్తిరించునపుడే మడతకు చాలినంత అంచును విడువవలెను. తరువాత కొలిమిలో కాల్చి స్థూలరూపము తెచ్చుట, దెబ్బలచే బిరుసెక్కినపుడెల్ల మరల కాల్చి మెత్తబఱచుట, చిన్నసుత్తెతో చదును చేయుట, ప్రక్కపలకలతో కూర్చి సరిచూచుట. కూర్పు కుదిరిన పిమ్మటనే అంచును సరిచేసి మడతురు. ఒకదానిక్రింద నొకటి జారు పట్టీలలో లోపల దాగు అంచును మాత్రము మడువక ఆకురాయితో నున్న చేయుదురు. మడచినచో ఆ పట్టీలు కదలవు. త్రాటిమెలికను మడతపై తరువాత దిద్దుదురు. కాల్చి చల్లార్చి గట్టిపఱచుట అటుపిమ్మటిది. గట్టిపడిన ఉక్కు మడతకు లొంగక పగులును. మెఱుగు, నగిషీ, బంగారుపూత, తోలుపట్టీల రివెట్లు చివరివి.

ఈ వరుసకు వస్తువులే సాక్ష్యములు. పలకల లోపలివైపున మెఱుగు పెట్టని సుత్తెగుర్తులు నేటికిని కానవచ్చుచున్నవి. లోహపరీక్షలుచేసిన అలన్ విలియమ్స్ 2003లో ప్రకటించిన గ్రంథమున, పాదరసముతో బంగారుపూత పెట్టునపుడు తగులు వేడి ఉక్కు కాఠిన్యమును తగ్గించుననియు, 16వ శతాబ్దమున ఇటలీ పనివారు గట్టిపఱచు పద్ధతిని విడుచుటకు ఇది కారణమనియు వాదించెను. సొగసు బలమును క్రిందుపఱచిన సందర్భ మిది. మడచిన అంచునందు మాత్రము ఆ రెండును ఒక్కపనిచే సిద్ధించినవి. రూపు దిద్దిన పిదప చేయబడినను, రేకు కత్తిరించిన నాడే ఆ అంచు పనివాని లెక్కలో నున్నది.