నవంబరు ఒకటవ తేదీ – బిలాస్‌పూరునుండి

నవంబరు 1వ తేదీ యనగానే ఆంధ్రదేశమునందలి పాఠకులకు 1956వ సంవత్సరమును, హైదరాబాదు నగరమును, నీలం సంజీవరెడ్డిగారి ప్రమాణస్వీకారమును స్ఫురించుట సహజము. కాని ఆ దినముననే, బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై వాల్తేరు వైపునుండి తరలివచ్చి బిలాస్‌పూరు రైల్వే కాలనీలలో నిలిచిపోయిన తెలుగు కుటుంబములకు ఇల్లు కదలకుండగనే రాజధాని మాఱినదని యెఱిగినవారు మనలో అరుదు.

అంతవఱకు నాగపూరు ముఖ్యపట్టణముగా నుండిన రాష్ట్రమునుండి విదర్భ విడివడి బొంబాయిలో కలియగా, ఛత్తీస్‌గఢ్ సీమ భోపాలు రాజధానిగా నేర్పడిన క్రొత్త మధ్యప్రదేశమున నిమిడినది. రవిశంకర శుక్లాగారు ప్రథమ ముఖ్యమంత్రియై, రెండు మాసములకే దివంగతులైరి. అదే దినమున హైకోర్టు నాగపూరు విడిచి జబల్పూరు చేరెను. పాలకుల నామములకంటె ఈ న్యాయస్థానపు ప్రయాణమే నాకు ముఖ్యముగా తోచును. ఏలయన, బస్తరు అడవులలోని గోండు రైతు తన నేలను గూర్చిన వ్యాజ్యమును పైకోర్టువఱకు నడుపదలచినచో నర్మదాతీరమునకు పోవలసివచ్చెను. ఇందూరు, గ్వాలియరులకు ధర్మాసనములు దక్కినవి గాని, ఛత్తీస్‌గఢ్‌కు ఒక్కటియు దక్కలేదు. దూరమే ఒక విధమైన అన్యాయమని నా నమ్మకము.

ఆ 1956లోనే డాక్టరు ఖూబ్‌చంద్ బఘేల్ రాజనందగాఁవ్‌నందు ఛత్తీస్‌గఢీ మహాసభను స్థాపించి ప్రత్యేక రాష్ట్రవాంఛకు రూపమిచ్చెను; ఫలము చూడకయే 1969లో గతించెను. ఆంధ్రరాష్ట్రమునకై పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై ప్రాణమర్పింపవలసివచ్చిన మనకు, 2000 ఆగస్టులో పార్లమెంటు శాసనముచేతనే ఒక రాష్ట్రము రూపొందిన తీరు ఆశ్చర్యము గొల్పును. ఆ సంవత్సరము నవంబరు 1న, 16 జిల్లాలతో, దేశమున 26వ రాష్ట్రముగా ఛత్తీస్‌గఢ్ వెలసెను. నాటి బిలాస్‌పూరు జిల్లాలోని పేండ్రా ప్రాంతమున జన్మించిన అజిత్ జోగీ తొలి ముఖ్యమంత్రి యయ్యెను. రాజధాని రాయపూరునకు పోయెను. హైకోర్టు మాత్రము ఆనాడే మా యూర వెలసెను. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయమును ఇచటనే నెలకొన్నది. అయినను, ఊరికి దక్కిన ఈ రెండు గౌరవములలో న్యాయస్థానమునే నేను ఉత్తమముగా నెంచుదును.

ఆంధ్రావతరణమును స్మరించునపుడు, తరతరములుగా తెలుగువారికి అన్నము పెట్టుచున్న ఈ రాష్ట్రమునకును ఆ దినమే జన్మదినమని తలచి, దీనికి గూడ శుభము కోరవలెనని మన సోదరులకు నా ప్రార్థన.