తెర మీద తిన్నడు, తెర ముందు మనం

పాచిపెంట కొండల నుంచి సాలూరుకు దిగి సినిమా చూసిన రోజుల్లో మన పెద్దలు దేవుళ్ల కథలు ఎన్నో చూశారు. ఆ కథల్లో అడవి మనిషీ ఉన్నాడు. ఏ వేషంలో ఉన్నాడన్నదే మా ప్రశ్న.

తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1931లో, గిడుగు రామమూర్తి పంతులు సవర భాష మీద రాసిన పుస్తకం అచ్చయింది. తెలుగు తెరకు గొంతు వచ్చేనాటికే మన భాషల్లో ఒకదానికి వ్యాకరణం ఉందన్నమాట. అయినా మేము చూసిన పౌరాణికాల్లో అడవి మనుషుల నోట ఏ కొండ భాషా వినపడలేదు.

1957లో కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. రెండింటిలోనూ ఎస్.వి. రంగారావే ఘటోత్కచుడు. అడవిలో పుట్టిన హిడింబి కొడుకు అతడు. పెళ్లి నిలబెట్టిందీ, అందరినీ నవ్వించిందీ అతడే. మేమూ నవ్వాం. కానీ భారతంలో అతడి కథ అక్కడితో ఆగదు. అర్జునుడి కోసం కర్ణుడు దాచుకున్న శక్తికి ఘటోత్కచుడు బలవుతాడు. ఏకలవ్యుడి బొటనవేలు తెగిందీ అర్జునుడిని మించినవాడు ఉండకూడదనే. ఇద్దరూ అడవి బిడ్డలే. ఇద్దరి నష్టమూ ఒకరి లాభానికే.

తిన్నడి కథ వేరు. తమిళంలో 12వ శతాబ్దపు పెరియ పురాణంలో, తెలుగులో ధూర్జటి కావ్యంలో ఉన్న ఈ కథను 1954లో రాజ్‌కుమార్‌తో ‘కాళహస్తి మహాత్మ్యం’గా, 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజుతో ‘భక్త కన్నప్ప’గా తీశారు. 2025లో ‘కన్నప్ప’ మళ్లీ వచ్చింది. చూసినవాళ్లు గుర్తుపెట్టుకునేది అతడు కళ్లు ఇవ్వడం. మేము గుర్తుపెట్టుకోమనేది దానికి ముందు జరిగింది. వేటాడి తెచ్చిన మాంసాన్ని రుచి చూసి, మంచి ముక్కలే దేవుడికి పెట్టాడు. పుక్కిట నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు. పూజారి మైల అన్నాడు. దేవుడు అనలేదు. తిన్నడు తన తిండి మార్చుకోలేదు, తన పద్ధతి మార్చుకోలేదు.

మామిడి కొత్త చేసి, పెద్దలకూ దేవతలకూ పెట్టనిదే కొత్త కాయ నోట పెట్టనివాళ్లం మనం. కోడిని కోసి మొక్కుతాం. బడిలో ఎవరైనా దాన్ని అనాగరికం అంటే పిల్లవాడు తల దించుకుంటున్నాడు. ఆ పిల్లవాడికి తిన్నడు అండగా నిలబడగలడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ సినిమాలు పిల్లలకు చూపించండి, వద్దనకండి. చూశాక ఒక్క పని చేయించండి. ఘటోత్కచుడి కథను హిడింబి వైపు నుంచి, ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పమనండి. కొడుకు యుద్ధానికి పోయి తిరిగి రాకపోతే ఆ తల్లి ఏమన్నదో సినిమా చెప్పలేదు. మన పిల్లలు చెప్పగలరు.