దోర్నకల్ దేవాలయము: మన నేలకు తగిన రూపము

మన ఝరాసంగం ప్రాంతమున పెద్ద దేవాలయమనగానే మెదకు కథీడ్రలే మనస్సునకు వచ్చును. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ రెవ. పాస్నెట్ దొరగారు కరువు దినములలో పని కల్పించి, అన్నము పెట్టి కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. దాని 175 అడుగుల గోపురము, రంగుటద్దముల కిటికీలు ఇంగ్లండు గోథిక్ పద్ధతివి. అయితే ఆంగ్లికన్ సంఘమువారు కట్టిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలును గూర్చియు మన పిల్లలు తెలిసికొనవలెనని మేము తలంచుచున్నాము.

దోర్నకల్ ఆనాడు నిజాం రాజ్యములోని ఒక రైల్వే జంక్షను పల్లె. తిరునెల్వేలి సీమనుండి 1909లో మిషనరీగా వచ్చిన శ్రీ వి. యస్. అజరయ్యగారు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్ అయిరి. వారి మందలో అధికులు ఊరిచివరి మాల, మాదిగ వాడలలో కూలినాలి చేసికొనువారు.

ఇట్టివారికి ఎట్టి దేవాలయము కట్టవలెను? ఇంగ్లండునుండి నమూనా తెచ్చుకొనుట సులభమే. అజరయ్యగారు అట్లు చేయలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరములో మన గుళ్ల మండపములను తలపించు స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు, మీనారులు కలిసియున్నవి. జనవరి 6 ఎపిఫనీ పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును దర్శించిన దినము. అన్యజనులు తమ కానుకలతో వచ్చినట్లే, ఈ దేశపు శిల్పము కూడ ప్రభువు సన్నిధికి వచ్చినది.

ఇందు మరియొక సంగతి కలదు. ఊరి గుడి మండపములో కాలుపెట్టనియ్యబడని జనులు, అదే తీరు స్తంభముల మధ్య తలయెత్తి నిలిచి ఆరాధించిరి. మాకు ఆ రాళ్లు చెప్పు గొప్ప ప్రసంగమిదే.

సంఘైక్యతకై 1919 తరంగంబాడి సభనుండి పాటుపడిన అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, మెదకు, దోర్నకల్ దేవాలయములు రెండును ఒకే సంఘపు ఆస్తులైనవి.

ప్రియ సహోదరీ సహోదరులారా, పల్లెలలో పాత మందిరము పడగొట్టి క్రొత్తది కట్టుటకు తీర్మానించునపుడు ఒక్క క్షణము ఆగుదము. గోడలో పగులున్నదా అని మేస్త్రీని అడిగినట్లే, ఆ గోడ ఎవరి చెమటతో లేచినదో, ఏ తలంపుతో ఆ రూపము దాల్చినదో పెద్దలను అడుగుదము. వారు చెప్పినది సంఘపు పుస్తకములో వ్రాసియుంచి, ఆ పిమ్మట పార పట్టుదము.